దక్షిణ అమెరికాలో ఊరి నుంచి ఊరికి: బస్సెక్కాలా, విమానమెక్కాలా, ఖర్చు ఎలా తగ్గించుకోవాలి?

లిమాలో ఒక చిన్న హాస్టల్‌లో కూర్చుని సాంతియాగోకు టికెట్ వెతుకుతున్నాను. పెరూ రాజధాని నుంచి చిలీ రాజధానికి నేరుగా విమానం ఉంది కానీ ధర చూస్తే గుండె ఆగింది. బస్సులో వెళ్దామంటే రెండు రోజులకు పైగా కూర్చోవాలి. హాస్టల్ నడిపే పెద్దాయన నా ఫోన్‌లోకి తొంగి చూసి, కాగితం మీద నాలుగు పేర్లు రాసిచ్చాడు: లిమా, తాక్నా, అరీకా, సాంతియాగో. తాక్నా పెరూలో చివరి ఊరు, అరీకా చిలీలో మొదటి ఊరు. లిమా నుంచి తాక్నాకు దేశీయ విమానం, అక్కణ్నుంచి షేర్ టాక్సీలో సరిహద్దు దాటి అరీకాకు, అరీకా నుంచి మళ్లీ దేశీయ విమానంలో సాంతియాగోకు. మూడు ముక్కలూ కలిపినా నేరుగా వెళ్లే టికెట్ కంటే బాగా తక్కువే అయింది.

ఆ ఖండంలో ప్రయాణం చవగ్గా చేసే కిటుకు నాకు ఆ కాగితం ముక్కలోనే దొరికింది. బస్సు మంచిదా విమానం మంచిదా అని ఒకటే ఎంచుకుని కూర్చోకూడదు. దారిలో ఏ ముక్కకు ఏది సరిపోతుందో చూసి, రెండింటినీ అతికించుకోవాలి. ఎలా అతికించుకోవాలో వరుసగా చెబుతాను.

మొదటి అడుగు: కిలోమీటర్లు కాదు, కొండలు చూడండి

మన దగ్గర హైదరాబాద్ నుంచి తిరుపతికి ఐదు వందల యాభై కిలోమీటర్లు పైనే. రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి దిగుతాం. ఆ లెక్కతో కొలంబియా మ్యాపు చూస్తే మోసపోతారు. బొగోటా నుంచి మెదెయీన్‌కు 415 కిలోమీటర్లే ఉన్నా, బస్సుకు తొమ్మిది పది గంటలు పడుతుంది. దారంతా ఆండీస్ కొండల్లో ఎక్కడం, దిగడం, మలుపు తిరగడమే. అదే విమానం గంటలోపు దింపేస్తుంది. ముందుగా కొంటే ధర కూడా చాలాసార్లు బస్సుకు దగ్గరగానే ఉంటుంది. కొలంబియాలో పెద్ద ఊళ్ల మధ్య ముందు విమానం చూడండి, తర్వాతే బస్సు.

అర్జెంటీనాలో కథ వేరు. నేల చదును, రోడ్లు తిన్నగా ఉంటాయి, ఇబ్బంది దూరంతోనే. బ్యూనస్ ఐరెస్ నుంచి బరిలోచేకు దాదాపు 1,600 కిలోమీటర్లు, బస్సులో ఇరవై గంటలకు పైనే. ఇగువాసు జలపాతాలకు 1,300 కిలోమీటర్లు, పదిహేడు నుంచి ఇరవై గంటలు. చిలీ ఒక పొడవాటి రిబ్బను. సాంతియాగో నుంచి ఉత్తరాన అరీకాకు రెండు వేల కిలోమీటర్లు, అంటే బస్సులో సుమారు ముప్పై గంటలు.

ఈక్వడార్ చిన్న దేశం. 2000 నుంచి అక్కడ అమెరికా డాలరే చెల్లుతుంది. బస్సు ప్రయాణానికి గంటకు డాలరు, డాలరున్నర చొప్పున లెక్క వేసుకుంటే దాదాపు సరిపోతుంది. క్విటో నుంచి గ్వయాకిల్‌కు ఎనిమిది గంటల దారి. అక్కడ విమానం గురించి ఆలోచించాల్సింది గలపగోస్ దీవులకే, వాటికి వేరే దారి లేదు కాబట్టి.

రోడ్డే లేని చోట్లు కొన్ని ఉన్నాయి, ముందే గుర్తుపెట్టుకోండి. పెరూలోని ఇకీతోస్ అంత పెద్ద నగరమైనా, అక్కడికి విమానంలోనో పడవలోనో వెళ్లాల్సిందే. పనామా, కొలంబియాల మధ్య దరియేన్ అడవిలో రోడ్డు తెగిపోతుంది. మధ్య అమెరికా నుంచి బస్సులో దిగివద్దామనుకునేవాళ్లు అక్కడ ఆగిపోతారు.

రెండో అడుగు: వీసా, టీకా

యూరప్‌లో ఒక షెంగెన్ వీసాతో చాలా దేశాలు తిరిగొస్తాం. దక్షిణ అమెరికాలో అలా కుదరదు. ఏ దేశం వీసా దానిదే. పెరూ, కొలంబియా వంటి దేశాలు చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసానో షెంగెన్ వీసానో ఉన్న భారతీయులకు వెసులుబాటు ఇచ్చాయి. అందుకే అమెరికాలో ఉద్యోగం చేసే మనవాళ్లు నాలుగు రోజులు సెలవు దొరికితే మాచు పిచ్చుకు బయల్దేరుతుంటారు. అయితే ఆ వీసాకు ఇంకా ఎన్ని నెలల గడువు మిగిలి ఉండాలి, ఎన్ని రోజులు ఉండనిస్తారు అన్నవి దేశాన్ని బట్టి మారతాయి, మధ్యలో నిబంధనలూ మారతాయి. టికెట్ కొనేముందు ఆ దేశ ఎంబసీ సైట్ చూడండి. ఎక్కువ దేశాలు తిరిగేవాళ్లు ప్రతి వీసాలోనూ ఒకసారి ప్రవేశమా, పలుసార్లు ప్రవేశమా అన్నది కూడా చూసుకోవాలి. ఇగువాసులో బ్రెజిల్ వైపు నుంచి జలపాతం చూసి మళ్లీ అర్జెంటీనాలోకి వచ్చినా అది రెండో ప్రవేశం కిందే లెక్క.

చాలామంది మరచిపోయేది పసుపు జ్వరం టీకా, అంటే ఎల్లో ఫీవర్ వ్యాక్సిన్. అక్కడికి వెళ్లడానికి అడిగినా అడగకపోయినా, తిరిగి ఇండియాలో దిగేటప్పుడు మాత్రం అడుగుతారు. బ్రెజిల్, పెరూ, బొలీవియా, కొలంబియా, ఈక్వడార్, అర్జెంటీనా మన ప్రభుత్వ జాబితాలో ఉన్నాయి. టీకా కార్డు లేకుండా ఆ దేశాల నుంచి నేరుగా వస్తే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టే అధికారం విమానాశ్రయ ఆరోగ్యాధికారులకు ఉంది. టీకా వేయించుకున్న పది రోజుల తర్వాతే కార్డు చెల్లుతుంది, ఆ తర్వాత జీవితాంతం పనికొస్తుంది. హైదరాబాద్‌లోనైతే నారాయణగూడ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు. ప్రయాణానికి నెల ముందే ఈ పని ముగించండి.

మూడో అడుగు: టికెట్ ధర పక్కన పెట్టి, గడప నుంచి గడపకు లెక్క కట్టండి

లిమా నుంచి, మాచు పిచ్చుకు దారి అయిన కుస్కోకు వెళ్లాలి. రోడ్డు మీద 1,100 కిలోమీటర్లు, బస్సులో ఇరవై గంటలకు పైన. విమానంలో గంటా ఇరవై నిమిషాలు. చేతి లెక్క ఒకటి వేసుకుందాం, అంకెలు ఉదాహరణకే.

విమానం టికెట్ 45 డాలర్లు అనుకోండి. పెద్ద బ్యాగుకు 25. రెండు చివర్లా ఎయిర్‌పోర్టు టాక్సీలకు 20. మొత్తం 90. బస్సు టికెట్ 40. బ్యాగు బస్సు కింద అరలో పెట్టడానికి డబ్బు అడగరు. బస్సు ఊళ్లోంచే బయల్దేరుతుంది కాబట్టి టాక్సీలకు 6 చాలు. రాత్రంతా బస్సులోనే గడుస్తుంది కనుక హాస్టల్ మంచం 12 డాలర్లు మిగిలింది. నికరంగా 34 అయింది. రెండింటికీ తేడా 56 డాలర్లు.

ఇప్పుడు వీపు మీద చిన్న బ్యాగు ఒక్కటే ఉన్న మనిషికి లెక్క వేయండి. విమానం ఖర్చు 65కు దిగుతుంది, తేడా 31 డాలర్లే. ఆ 31 డాలర్లకు ఒక పగలంతా చేతికొస్తుంది. మొత్తం ట్రిప్పే పది రోజులైతే నేను కళ్లు మూసుకుని విమానం ఎక్కుతాను. నెలన్నర తిరిగేవాళ్లైతే నేరుగా కుస్కోకు బస్సు ఎక్కకుండా, మధ్యలో అరెకీపాలో దిగి రెండు రోజులు ఉండమంటాను. ఎందుకో కొంచెం కిందకు వచ్చాక చెబుతాను.

ఈ లెక్కలో చాలామంది మరచిపోయేది విమానాశ్రయం ఎక్కడుందన్నది. బ్యూనస్ ఐరెస్‌కు రెండున్నాయి. ఎయెరోపార్కే నగరంలోనే నది ఒడ్డున ఉంటుంది, ఎసేయిసా ఊరి బయట దూరంగా. సావో పాలోలో కొంగోన్యాస్ ఊళ్లో, గ్వారుల్యోస్ శివార్లలో ఉంటే, వీరాకోపోస్ ఏకంగా కంపీనాస్ అనే మరో నగరంలో, దాదాపు వంద కిలోమీటర్ల దూరంలో ఉంది. రియోలో సంతోస్ డుమోన్ ఊరి నడిబొడ్డున, గలియాన్ దూరాన. మెదెయీన్ పేరుతో అమ్మే టికెట్లు ఎక్కువగా కొండ అవతల రియోనెగ్రోలో దింపుతాయి. టికెట్ చవకగా కనిపిస్తే, ఎక్కడ దింపుతారో చూసిన తర్వాతే సంతోషించండి.

నాలుగో అడుగు: బస్సులో తరగతులు, బుకింగ్

మన స్లీపర్ బస్సుల్లా పడుకునే బెర్తులు అక్కడ చూడలేదు నేను. అన్నీ వెనక్కి వాలే కుర్చీలే. కాబట్టి ఎంత వాలుతుందన్నదే ధర నిర్ణయిస్తుంది. స్పానిష్‌లో కామా అంటే మంచం. సెమీ కామా కుర్చీ దాదాపు 140 డిగ్రీలు వాలుతుంది, కామా 160 దాకా. అర్జెంటీనా, పెరూల్లో కొన్ని సర్వీసుల్లో 180 డిగ్రీలు పూర్తిగా పరుచుకునే సీట్లు కూడా ఉంటాయి. బ్రెజిల్‌లో పేర్లు వేరు. మామూలుది కొన్వెన్సియొనాల్, ఆ పైన ఎజెకుచీవో, సెమీ లేటో, లేటో. లేటో అన్నా పడకే.

ఆరేడు గంటల పగటి ప్రయాణానికి సెమీ కామా చాలు. రాత్రంతా ప్రయాణమైతే ఇంకాస్త డబ్బు పోయినా కామా తీసుకోండి. ఇక్కడ మిగిల్చిన డబ్బు మర్నాడు నిద్ర కోసం పగలంతా గది తీసుకునేటప్పుడు పోతుంది.

చాలా బస్సులు రెండంతస్తులవి. కింది అంతస్తులో కొద్దిపాటి కామా సీట్లు ఒకవైపు రెండు, ఇంకోవైపు ఒకటి చొప్పున ఉంటాయి. ఒంటరిగా వెళ్లే ఆడవాళ్లకు ఆ ఒంటి సీటు హాయి. పైన ముందు వరుసలో అద్దం ముందు కూర్చుంటే లోకమంతా కనిపిస్తుంది. పగలు, మంచి రోడ్డు మీద అయితే కూర్చోండి. రాత్రి కొండ దారిలో ఆ సీటు నేనైతే తీసుకోను. మరుగుదొడ్డికి దగ్గర సీటు ఏ తరగతిలోనూ వద్దు.

కంపెనీ ఎంపికలో పిసినారితనం పనికిరాదు. పెరూలో క్రుస్ దెల్ సుర్, ఓల్తుర్సా, చిలీలో తుర్‌బుస్, పుల్‌మన్ బుస్, అర్జెంటీనాలో అందెస్‌మార్, వియా బరిలోచే, కొలంబియాలో బొలివరియానో జనం ఎక్కువగా వాడే పేర్లు. పెద్ద కంపెనీలు కొండ దారుల్లో ఇద్దరు డ్రైవర్లను పెట్టి మార్చుకుంటాయి. రెండు మూడు డాలర్లకోసం పేరు తెలియని బస్సులో రాత్రి పూట ఆండీస్ దాటొద్దు.

ఆన్‌లైన్‌లో కొనడానికి అర్జెంటీనాకు ప్లాతాఫోర్మా 10, చిలీకి రెకొర్రీదో, బ్రెజిల్‌కు క్లిక్‌బస్, చాలా దేశాలకు కలిపి బస్‌బడ్ ఉన్నాయి. పెరూ, కొలంబియాల్లో మనకు బాగా తెలిసిన రెడ్‌బస్సే ఉంది. 2006లో బెంగళూరులో ముగ్గురు మిత్రులు మొదలుపెట్టిన సంస్థ అది. అందులో ఒకరైన ఫణీంద్ర సమ తెలంగాణ మనిషి. లిమాలో ఒక ముసలావిడ ఫోన్‌లో ఆ ఎర్ర గుర్తు చూసినప్పుడు నాకు పట్టలేనంత ఆనందమేసింది.

బ్రెజిల్ సైట్లు సీపీఎఫ్ అనే పన్ను నంబరు అడుగుతాయి, చిలీలో రూత్ అనే గుర్తింపు నంబరు. పాస్‌పోర్టు నంబరు వేసే వీలుందేమో చూడండి. లేకపోతే బస్టాండులో కౌంటర్ దగ్గరే కొనుక్కోవడం మేలు. బొలీవియాలో ఎలాగూ కౌంటరే నయం. అక్కడి బస్టాండులోకి అడుగుపెడితే "కోచబాంబా, కోచబాంబా! ఒరూరో, ఒరూరో!" అని గొంతు చించుకుని అరుస్తుంటారు, మన ఆర్టీసీ బస్టాండు బయట ప్రైవేటు బస్సుల వాళ్లలాగే. సీజన్ కాకపోతే కొలంబియాలోనూ కౌంటర్లో బేరం ఆడొచ్చు. "ఏదైనా తగ్గింపు ఉందా" అని నవ్వుతూ అడిగితే ఎవరూ తప్పు పట్టరు.

ఐదో అడుగు: బస్టాండు నుంచి బస్సు దిగేదాకా

బస్టాండును పెరూ, ఈక్వడార్‌లలో తెర్మినాల్ తెర్రెస్త్రే అంటారు, బ్రెజిల్‌లో రోడోవియారియా. పలికేటప్పుడు అది "హొదొవియారియా" అని వినిపిస్తుంది, టాక్సీ అతనికి అలా చెబితేనే అర్థమవుతుంది. సావో పాలోలోని తియెతె చాలా పెద్దది, మెట్రో నేరుగా లోపలికే తీసుకెళుతుంది. బ్యూనస్ ఐరెస్‌లో రెతీరో. అక్కడ టికెట్ మీద ఒక్క ప్లాట్‌ఫారం నంబరు కాక, ఇన్ని నుంచి ఇన్ని అని రాసి ఉంటుంది. బోర్డు మీద కళ్లు పెట్టి నిలబడాలి. లిమాలో మాత్రం అన్ని బస్సులకూ కలిపి ఒక పెద్ద బస్టాండంటూ లేదు, చాలా కంపెనీలవి సొంత టెర్మినళ్లే. టికెట్ మీది చిరునామా చూడకుండా "బస్టాండుకు పోనీ" అంటే తప్పు చోట దిగుతారు. క్విటోలో దక్షిణం వైపు వెళ్లే బస్సులు కితుంబేలో, ఉత్తరం వైపువి కర్సెలేన్‌లో ఆగుతాయి. ఊరికి ఆ చివరొకటి, ఈ చివరొకటి.

పెరూ, బొలీవియా, ఈక్వడార్‌లలో టికెట్‌తో పాటు బస్టాండు వాడకం రుసుము చిన్న మొత్తం విడిగా కట్టాలి. జేబులో చిల్లర పెట్టుకోండి. ఆ చీటీ లేదని బస్సు బయల్దేరే నిమిషంలో కౌంటర్‌కు పరిగెత్తినవాళ్లను చూశాను.

పెద్ద బ్యాగు కింద అరలో పెట్టేటప్పుడు నంబరు చీటీ ఇస్తారు. దిగేటప్పుడు అది చూపిస్తేనే బ్యాగు ఇస్తారు, పాస్‌పోర్టులాగే దాచుకోండి. అర్జెంటీనాలో బ్యాగులెక్కించే మనిషి చెయ్యి చాపితే కొద్దిగా చిల్లర ఇవ్వడం ఆనవాయితీ.

ఇక దొంగతనం. పాస్‌పోర్టు, కార్డులు, ఫోన్ ఉన్న చిన్న సంచి ఎప్పుడూ ఒంటి మీదే ఉండాలి. తల మీది అరలో వద్దు, కాళ్ల కిందా వద్దు. మా అక్క కాళ్ల దగ్గర పెట్టుకున్న సంచిని వెనక సీటు నుంచి ఎవరో లాగి, జిప్పు తెరిచి, కెమెరా తీసుకుని, మళ్లీ జిప్పు వేసి యథాస్థానంలో పెట్టారు. తెల్లారేదాకా తెలియలేదు. అప్పటి నుంచి సంచి పట్టీని తొడకు చుట్టుకుని కూర్చుంటున్నాం. బస్టాండులో "బట్టల మీద ఏదో పడింది" అని తుడవడానికి వచ్చేవాళ్లు ఎదురైతే ఆగకుండా నడవండి. ఒకరు తుడుస్తుంటే ఇంకొకరు బ్యాగుతో పోతారు.

ఏసీ చలి ఎంతుంటుందో ముందే చెబుతున్నాను. కొలంబియా, బ్రెజిల్ బస్సుల్లో వణికిపోతాం. బయట చెమటలు కారుతున్నా లోపలికి స్వెటర్, సాక్సులు, పల్చటి దుప్పటి తీసుకుని ఎక్కండి. బస్సులోని మరుగుదొడ్డి చాలాచోట్ల మూత్ర విసర్జనకు మాత్రమేనని తలుపు మీదే రాసి ఉంటుంది. ఎక్కే ముందే పని ముగించుకోండి.

శాకాహారులు ఈ పేరా రెండుసార్లు చదవండి. పెద్ద బస్సుల్లో భోజనం పెడతారు, కానీ అందులో హామ్ ముక్కో చికెనో తప్పకుండా ఉంటుంది. "సోయ్ వెహెతరియానో" అంటే శాకాహారిని అని, ఆడవాళ్లు "వెహెతరియానా" అనాలి. అంతటితో ఆగితే చేప వస్తుంది. "సిన్ కార్నే, సిన్ పోయో, సిన్ పెస్కాదో" అని మాంసం, కోడి, చేప మూడింటినీ పేరు పెట్టి వద్దనాలి. అర్జెంటీనాలో "పోయో"ను "పోషో" అంటారు. ఎంత చెప్పినా నమ్మకం లేదు కాబట్టి అరటిపళ్లు, బ్రెడ్, వేరుశెనగలు, ఇంటి నుంచి తెచ్చిన కందిపొడి మాకు ఎన్నో రాత్రులు గడిపాయి. ఆ పొడి డబ్బా చిలీ సరిహద్దులో ఏమవుతుందో తర్వాత చెబుతాను.

కౌంటర్లో పనికొచ్చే మాటలు ఇవి. ఈదా అంటే పోవడం, ఈదా ఈ వుయెల్తా అంటే రాకపోకలు. వెంతానా కిటికీ, పసీయో నడవ. సలీదా బయల్దేరడం, యెగాదా చేరడం. మన్యానా అంటే రేపు, ఉదయం కూడా అదే, కాబట్టి తేదీ వేలితో చూపించి ఖాయం చేసుకోండి. "దిరెక్తో?" అని అడిగి మధ్యలో బస్సు మారాలేమో తెలుసుకోండి.

ఆరో అడుగు: చౌక విమానాల షరతులు

చిలీ, పెరూ, అర్జెంటీనా, కొలంబియాల్లో జెట్‌స్మార్ట్, చిలీ పెరూల్లో స్కై, అర్జెంటీనాలో 2018 నుంచి ఫ్లైబోండి, కొలంబియాలో వింగో చౌక టికెట్లు అమ్ముతాయి. పెద్ద సంస్థలు లాతాం, ఆవియాంకా, బ్రెజిల్‌లో గోల్, అజుల్, బొలీవియాలో ప్రభుత్వానిదైన బోవా. గూగుల్ ఫ్లైట్స్‌లో తేదీల వారీగా ధరలు చూసి, కొనడం మాత్రం సంస్థ సొంత సైట్లోనే కొనండి. విమానం రద్దయినప్పుడు మధ్యవర్తి సైటు, విమాన సంస్థ ఒకరి మీద ఒకరు చెప్పుకుంటుంటే మధ్యలో మనం నలిగిపోతాం. కొలంబియాలో 2023 ఫిబ్రవరి, మార్చి నెలల్లో వీవా ఎయిర్, అల్ట్రా ఎయిర్ ఒకదాని వెంట ఒకటి ఉన్నట్టుండి ఆగిపోయి వేలమంది ఇరుక్కుపోయారు. అందుకే చౌక సంస్థల టికెట్లు మరీ ఆరు నెలల ముందు కొనను. నెలా రెండు నెలల ముందు కొంటాను, అదీ క్రెడిట్ కార్డుతో.

జెట్‌స్మార్ట్, స్కైల కింది ధర టికెట్లో సీటు కిందకు పట్టే ఒక్క సంచికే అనుమతి. 45, 35, 25 సెంటీమీటర్లు, పది కిలోలు. పై అరలో పెట్టే బ్యాగుకు కూడా విడిగా కట్టాలి. బ్యాగు డబ్బు టికెట్ కొనేటప్పుడే కట్టేస్తే తక్కువ, గేటు దగ్గర కొలిచి పట్టుకుంటే కొన్నిసార్లు టికెట్ కంటే ఎక్కువ. చెక్ ఇన్ ఇంటి నుంచే చేసుకుని బోర్డింగ్ పాసు ఫోన్‌లో దించుకోండి, కౌంటర్లో అడిగితే దానికీ వసూలు చేసే సంస్థలున్నాయి. కొన్ని టికెట్లు ఆ దేశంలో ఉండేవాళ్లకు మాత్రమే తక్కువ ధరకు ఇస్తారు, కొనే ముందు షరతుల్లో "రెసిదెంతే" అన్న మాట వెతకండి.

ఏడో అడుగు: సరిహద్దు దాకా విమానం, సరిహద్దు నేల మీద

మొదట్లో చెప్పిన కాగితం దగ్గరికి వస్తున్నాను. ఒక దేశం నుంచి ఇంకో దేశానికి వెళ్లే టికెట్ మీద విమానాశ్రయ రుసుములు, పన్నులు దేశీయ టికెట్ కంటే ఎక్కువ. పోటీ పడే చౌక సంస్థలు కూడా దేశం లోపలి దారుల్లోనే ఎక్కువ. అందుకే సరిహద్దుకు ఇటూ అటూ విమానాశ్రయాలున్న జంట ఊళ్లు వెతకాలి.

తాక్నా, అరీకా అలాంటి జంట. తాక్నా అంతర్జాతీయ బస్టాండు నుంచి కొలెక్తీవో అనే షేర్ టాక్సీలు ఐదుగురు ఎక్కగానే బయల్దేరతాయి. దూరం అరవై కిలోమీటర్ల లోపే. డ్రైవరే పాస్‌పోర్టులు తీసుకుని కాగితాలు నింపిస్తాడు. పాస్‌పోర్టు అతని చేతిలో ఉన్నంతసేపు కంటికి ఎదురుగా ఉండేలా చూసుకోండి. చిలీ గడియారం పెరూ కంటే ముందు నడుస్తుంది. అరీకా నుంచి విమానం ఉంటే ఆ తేడా లెక్కలో వేసుకుని, కనీసం ఐదారు గంటలు చేతిలో పెట్టుకోండి. వీలైతే ఆ రాత్రి అరీకాలోనే పడుకోండి. రెండు టికెట్లు వేర్వేరుగా కొన్నారు కనుక ఒకటి తప్పితే రెండోదానికి ఎవరూ పూచీ కాదు.

రెండో జంట ఇగువాసు. అర్జెంటీనా వైపు పుయెర్తో ఇగువాసు, బ్రెజిల్ వైపు ఫోస్ దో ఇగువాసు, రెండింటికీ విమానాశ్రయాలున్నాయి, మధ్యలో వంతెన మీదుగా బస్సులు తిరుగుతాయి. లోకల్ బస్సు కొన్నిసార్లు పాస్‌పోర్టు ముద్ర కోసం ఆగకుండా పోతుంది. మీరే దిగి ముద్ర వేయించుకోవాలి. బయటికి వెళ్లిన నమోదు, లోపలికి వచ్చిన నమోదు రెండూ ఉండాలి. ఒకటి లేకపోతే దేశం వదిలేటప్పుడు జరిమానా.

చిలీలోకి నేల మీద వెళ్లేటప్పుడు సాగ్ అనే వ్యవసాయ తనిఖీ చాలా గట్టిది. పళ్లు, గింజలు, తేనె, పాల పదార్థాలు, చెక్క వస్తువులు ఏవున్నా కాగితం మీద "ఉన్నాయి" అని టిక్కు పెట్టాలి. కందిపొడి, ఎండుమిర్చి, నువ్వులుండలు, ఆవకాయ అన్నీ చెప్పండి. చెప్పినవాటిని చూసి వద్దనుకుంటే తీసి పడేస్తారు, అంతే. చెప్పకుండా దాచి దొరికితే జరిమానా గట్టిగా ఉంటుంది. మా కందిపొడి డబ్బాను ఆ అధికారిణి వాసన చూసి, చిరునవ్వుతో తిరిగి ఇచ్చేసింది. బస్సులో మిగిలిపోయిన అరటిపండు మాత్రం చెత్తబుట్టలోకి పోయింది.

ఎత్తు సంగతి

అరెకీపాలో ఆగమన్నది దీనికే. లిమా సముద్రం ఒడ్డున ఉంది, కుస్కో 3,400 మీటర్ల ఎత్తున. విమానం గంటంపావులో ఆ ఎత్తున దింపితే తలనొప్పి, వికారం, ఆయాసం. అరెకీపా 2,335 మీటర్లు. అక్కడ రెండు రాత్రులు ఉంటే ఒళ్లు అలవాటు పడుతుంది. ఆ తర్వాత కుస్కో, ఆపై 3,800 మీటర్ల పునో. బొలీవియాలోని లా పాస్ విమానాశ్రయం ఎల్ అల్తోలో 4,000 మీటర్లకు పైన ఉంది. సముద్రమట్టం నుంచి నేరుగా అక్కడ దిగడం గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్నవాళ్లకు ప్రమాదం. డాక్టర్ను అడగకుండా వెళ్లొద్దు. మొదటి రోజు మెట్లెక్కకుండా, నీళ్లు ఎక్కువగా తాగుతూ, కడుపు నిండా తినకుండా ఉండండి. అక్కడ ఇచ్చే కోకా ఆకు టీ తాగితే కొంత తేలికగా ఉంటుంది. ఆ ఆకులు మాత్రం దేశం దాటించొద్దు, ఇండియాకు అసలు తేవద్దు.

తేదీలు, బందులు

పెరూలో జూలై 28, 29 జాతీయ దినోత్సవాలు, చిలీలో సెప్టెంబరు 18, 19, బ్రెజిల్‌లో కార్నివాల్, అన్ని దేశాల్లో ఈస్టర్ వారం, డిసెంబరు నడిమి నుంచి ఫిబ్రవరి దాకా వేసవి సెలవులు. ఆ రోజుల్లో టికెట్లు మన సంక్రాంతి బస్సుల్లాగే దొరకవు, దొరికినా రెట్టింపు. డిసెంబరు నుంచి మార్చి దాకా ఆండీస్‌లో వానలు, కొండచరియలు విరిగి రోడ్లు మూసుకుపోతాయి. జూన్ నుంచి సెప్టెంబరు మధ్య అర్జెంటీనాలోని మెందోసా, సాంతియాగోల మధ్య ఉన్న లోస్ లిబెర్తదోరెస్ కనుమ మంచుకు మూతపడుతుంటుంది.

బొలీవియా, పెరూల్లో రోడ్డు దిగ్బంధనాలు మామూలే, వాటిని బ్లొకేయో అంటారు. రాళ్లు, చెట్లు అడ్డం పెట్టి రోజుల తరబడి ఆపేస్తారు. విదేశానికి తిరుగు విమానం ఉన్న ఊరికి కనీసం రెండు రోజుల ముందే చేరుకోండి. హాస్టల్ వాళ్లను "ఆయ్ పారో?" అని రోజూ అడగండి, బంద్ ఉందా అని దానర్థం.

నెల రోజులకు ఒక దారి

లిమాలో దిగి, రాత్రి కామా బస్సులో పదహారు గంటలు ప్రయాణించి అరెకీపా చేరండి. అక్కణ్నుంచి పది గంటల రాత్రి బస్సులో కుస్కో. మాచు పిచ్చు చూశాక పగటి బస్సులో ఏడు గంటలు పునో, మర్నాడు తితికాకా సరస్సు ఒడ్డున కసానీ సరిహద్దు దాటి బొలీవియాలోని కోపకబానా. గడియారం గంట ముందుకు తిప్పుకోండి. లా పాస్ దారిలో తికీనా దగ్గర మనల్ని దింపేస్తారు. మనం చిన్న పడవలో, మన బస్సు చెక్క తెప్ప మీద నీళ్లు దాటుతాయి. పాస్‌పోర్టు బస్సులో వదలకండి.

లా పాస్ నుంచి రాత్రి బస్సులో ఉయూని. అక్కడి ఉప్పు మైదానం నుంచి మూడు రోజుల జీపు ప్రయాణం చిలీలోని సాన్ పెద్రో దె అతకామాలో దింపుతుంది. ఇది యాత్ర, రవాణా రెండూ ఒకే ఖర్చులో అయిపోయే దారి, నా లెక్కన ఈ మొత్తంలో డబ్బుకు తగ్గ విలువ ఇదే. చిలీ వీసా సరిగా లేకపోతే ఆ ఎడారి చెక్‌పోస్టు నుంచి వెనక్కి పంపేస్తారు, వెళ్లడానికి ఊరంటూ దగ్గర్లో ఉండదు, ముందే సరిచూసుకోండి. సాన్ పెద్రో నుంచి గంటన్నర బస్సులో కలామా, అక్కణ్నుంచి చౌక విమానంలో రెండు గంటల్లో సాంతియాగో. ఇరవై రెండు గంటల ఎడారి రోడ్డు ఇక్కడ తప్పించుకోవచ్చు.

సాంతియాగో నుంచి మెందోసాకు మాత్రం విమానం చవకగా దొరికినా బస్సే ఎక్కండి, అదీ పగలే. ఏడెనిమిది గంటలు. లోస్ కరకోలెస్ అనే హెయిర్‌పిన్ మలుపుల మీద బస్సు మెల్లగా పైకి పాకుతుంటే మంచు కొండలు ఒక్కో మలుపులో ఒక్కో వైపు కనిపిస్తాయి. పైన మూడు వేల మీటర్లు దాటాక సొరంగం, అవతల అర్జెంటీనా. మెందోసా నుంచి బ్యూనస్ ఐరెస్‌కు రాత్రి కామా బస్సు, పధ్నాలుగు గంటలు. అక్కడ ఎయెరోపార్కే నుంచి పుయెర్తో ఇగువాసుకు విమానం. పై అంతస్తు కిటికీ పక్క సీటు దొరక్కపోయినా ఫరవాలేదు, ఈసారి విమానంలో కిటికీ పక్క సీటు అడిగి తీసుకోండి. దిగేటప్పుడు అడవి మధ్యలోంచి తెల్లటి పొగలా లేచేది జలపాతమే.